వంతెన దాటిన టముకు

ఏడో తరగతి పౌరశాస్త్రంలో గ్రామసభ పాఠం వచ్చిందంటే నాకు ఒళ్లు మండేది. పుస్తకంలో అది ఎంత బాగుంటుందో చెప్పలేను. గ్రామంలో ఓటు హక్కు ఉన్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులేనట, ఊరి సంగతులన్నీ అందరూ కలిసి కూర్చుని తేల్చుకుంటారట. ఇదంతా గట్టిగా చదివించి, తర్వాత పిల్లల ముఖాలు చూడాలంటే నాకే సిగ్గేసేది. పోనీ పరాయి ఊరిదాన్నయితే పాఠం చెప్పేసి సాయంత్రం బస్సెక్కి వెళ్లిపోయేదాన్ని. నేను పుట్టింది ఈ ఊరి పేటలోనే. నరసాపురం దాటి సముద్రం వైపు వెళ్లే రోడ్డులో కాలువకి ఇవతల ఊరు, వంతెన దాటితే మా పేట. పేట చివర మా చర్చి, చర్చి వెనక మా సమాధుల తోట. బడి మాత్రం ఊళ్లో ఉంది. ఎక్కడెక్కడో ఉద్యోగం చేసి చివరికి నేను చదువుకున్న ఆ బడికే సోషల్ టీచర్‌గా వచ్చాను.

అది రెండు వేల సంవత్సరం, ఏప్రిల్ నెల. పరీక్షల ముందు పాత పాఠాలు మళ్లీ చెబుతున్నాను.

"గ్రామసభ రాజ్యాంగంలో మొదటి నుంచీ ఉందా?" అని అడిగాను. జవాబు కూడా నేనే చెప్పాను. "లేదు. డెబ్భై మూడో సవరణతో వచ్చింది. తొంభై రెండులో పార్లమెంటు ఒప్పుకుంది, తొంభై మూడు నుంచి అమల్లోకొచ్చింది."

మొదటి బెంచీలోంచి మధులత లేచింది. ఊళ్లో కిరాణా కొట్టు వాళ్లమ్మాయి. ఏం చెప్పినా ఎదురు ప్రశ్న వెయ్యందే దానికి అన్నం అరగదు.

"అంటే మొదట తప్పు రాశారాండి?"

"మీ అమ్మ లేసు అల్లుతుంది కదా. అల్లికలో ఒకచోట తేడా వస్తే ఏం చేస్తుంది?"

"అక్కడిదాకా విప్పి మళ్లీ అల్లుతుందండి."

"మొత్తం పారెయ్యదు కదా."

"అమ్మో, పారెయ్యదండి."

"సవరణంటే అదే. రాసినవాళ్లు చెడ్డగా రాయలేదు. ఒకచోట చాల్లేదు, అక్కడ కలిపారు. అలాగని ఎవరికి తోచినట్టు వాళ్లు కలపడానికి లేదు. పార్లమెంటులో ఓటేసినవాళ్లలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి. అంత కష్టపడి తెచ్చిన గ్రామసభకి మీ ఇళ్లలో ఎవరైనా ఎప్పుడైనా వెళ్లారా?"

ఊరి పిల్లలు ఇద్దరు ముగ్గురు చేతులెత్తారు. పేట పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఈ బుధవారం కూడా ఉందండి. నిన్న టముకు వేశారు కదండి" అంది మధులత.

"మాకు వినబడలేదే" అన్నారు పేట పిల్లలు.

చివరి బెంచీలో సువార్త మెల్లగా లేచింది. పంచాయతీ తరఫున టముకు వేసే గంగయ్య కూతురు. వాళ్లిల్లు పేటలో మా ఇంటికి రెండు సందుల అవతల.

"మా నాన్నే వేశాడండి. ఊళ్లో వీధులన్నీ తిరిగి, వంతెన దాకా వస్తాడండి. అక్కడితో ఆపేస్తాడు. పేటలో ఎప్పుడూ వెయ్యడండి."

"ఎందుకని?"

"మేం ఉండేదే అక్కడ కదండి" అంది, అది కూడా తెలీదా అన్నట్టు.

"ఏమని వేశాడో నీకేమైనా తెలుసా?"

ఎందుకు తెలియదు. సెక్రటరీ గారు చెప్పింది మర్చిపోకుండా గంగయ్య ఇంట్లో నాలుగుసార్లు అప్పజెప్పుకుంటాడట. సువార్త రెండు చేతులతో బెంచీ మీద వాయించి, అచ్చం వాళ్ల నాన్నలాగే గొంతు సాగదీసి అందుకుంది. "ఇందుమూలంగా యావన్మంది ప్రజలకు తెలియజేయడమేమనగా, బుధవారం పొద్దున్న పది గంటలకు పంచాయతీ ఆఫీసు దగ్గర గ్రామసభ జరుగునహో. చర్చి వెనకాల పంచాయతీ స్థలాన్ని రొయ్యల చెరువుకి లీజుకిచ్చే విషయం తేల్చెదరహో."

క్లాసంతా పగలబడి నవ్వింది. నేను మాత్రం చేతిలో పుస్తకం మూసేశాను. చర్చి వెనకాల ఉన్నది ఒకే ఒక్క స్థలం. అందులో మా నాన్న ఉన్నాడు.

బడి వదిలాక నేను ఇంటికి పోలేదు, నేరుగా గంగయ్య బాబాయ్ ఇంటికి వెళ్లాను. మా నాన్నకి వరసకి తమ్ముడు. అరుగు మీద కూర్చుని చుట్ట కాల్చుకుంటున్నాడు. టముకు గోడకి మేకుకి వేలాడుతోంది.

"బాబాయ్, మీ అయ్యని ఎక్కడ పెట్టారు?" అన్నాను.

నేనెందుకొచ్చానో ఆయనకి అర్థమైపోయింది. చుట్ట కింద పెట్టేశాడు.

"నాకు చెప్పిన మాట నేను అరిచాను పాపా. పేటలో వెయ్యమని నాకెవరూ చెప్పలేదు. మా అయ్య కాలం నుంచీ వంతెన దాకే."

"ఊళ్లో వాళ్లందరికీ చెప్పి, మన వాళ్లకి ఒక్క ముక్క చెప్పలేకపోయావా?"

"చెబితే ఊరుకుంటారా? గొడవైతే ముందు ఊడేది నా పనే."

"పోనీ, వీధుల్లో ఆ మాట అరిచేటప్పుడు నీకేమీ అనిపించలేదా?"

గోడకి వేలాడుతున్న టముకు వైపు చూశాడు. "అరిచేటప్పుడు నేను మాట వినను పాపా. వింటే గొంతు రాదు."

నాకు జాలి వెయ్యలేదు. ఇప్పుడు చెబుతున్నాను కాబట్టి మెత్తగా చెప్పుకోవచ్చు గాని, ఆ సాయంత్రం నేను మెత్తబడలేదు. సొంత తండ్రిని పాతిపెట్టిన చోటు గురించి సొంత నోటితో చాటావే అని నోటికొచ్చినట్టు దులిపేసి వచ్చాను. గుమ్మంలో నిలబడి సువార్త అంతా వింటూనే ఉంది.

ఇంటికి వెళ్లేసరికి మా అమ్మ ఏసమ్మ పెరట్లో సున్నం నానబెడుతోంది. ఈస్టరు దగ్గరికొచ్చిందంటే మా పేటలో అందరూ సమాధులకి సున్నాలు వేస్తారు. పండగనాడు తెల్లారకుండానే వెళ్లి పూలు పెట్టి కొవ్వొత్తులు వెలిగిస్తారు. మా నాన్న సమాధి పక్కన అమ్మ తనకోసం ఒక జాగా ఉంచుకుంది. అక్కడ గడ్డి మొలిస్తే తనే పీకేస్తుంది, ఇల్లు ఊడ్చుకున్నంత శ్రద్ధగా.

సంగతి చెప్పాను. అమ్మ ఏడవలేదు. చేతికంటిన సున్నం కడుక్కుని అడిగింది.

"అయితే నన్నెక్కడ పెడతారంట?"

సున్నం బక్కెట్టు గోడ వారకి జరిపి మళ్లీ తనే అడిగింది.

"బుధవారం ఎన్నింటికన్నారు?"

"పదింటికి."

"ఆ వేళకి పేటలో ముసలాళ్లు తప్ప ఎవరుంటారు? అందరూ దాళ్వా వరి కోతలకి పోతారు. అన్నీ చూసుకునే పెట్టారు" అంది.

ఆ రెండు రోజులూ ఇల్లిల్లూ తిరిగాం. కోపం అందరికీ వచ్చింది, ఆడవాళ్లయితే శాపనార్థాలు పెట్టారు. కానీ బుధవారం రమ్మంటే మాత్రం తల దించుకున్నారు. కోతలు ఎవరి చేలల్లోనో వాళ్లే కదా సభలో కూర్చునేది. ఒకరోజు మానేసి వాళ్లకి ఎదురు నిలబడితే మర్నాడు పనికి పిలవరు. నాకు నెల జీతం ఉంది, నోరు పారేసుకోగలను. వాళ్లనేమీ అనలేక వచ్చేశాను.

బుధవారం నేను సెలవు పెట్టాను. అమ్మ, ఇంకో అయిదారుగురు ముసలమ్మలు, నేను వంతెన దాటి పంచాయతీ ఆఫీసుకి వెళ్లాం. వసారాలో బల్ల వెనక ప్రెసిడెంటు గారు, పక్కన సెక్రటరీ రమేష్ బాబు గారు. ఎదురుగా కుర్చీల్లో ఊరి పెద్దలు. గంగయ్య బాబాయ్ టముకు భుజానికి తగిలించుకుని స్తంభం దగ్గర నిలబడి ఉన్నాడు. మేం మెట్ల దగ్గరే ఆగిపోతామనుకున్నారు అందరూ. నేనూ అదే అనుకున్నాను. మా అమ్మ ఆగలేదు. నేరుగా వెళ్లి ముందు వరసలో ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చుని, కొంగు సర్దుకుంది. పక్క కుర్చీలో ఆయన కొంచెం జరిగాడు. ఆవిడ జరగలేదు.

"ఏంటమ్మా టీచరుగారూ, బడి లేదా?" అన్నారు ప్రెసిడెంటు గారు నవ్వుతూ.

"సెలవు పెట్టానండి. గ్రామసభకి నేను కూడా సభ్యురాలినే కదండి."

ఆ నవ్వు కొంచెం తగ్గింది. చర్చి వెనక స్థలం పంచాయతీదని, ఏళ్ల తరబడి ఖాళీగా పడి ఉందని, చెరువుకి లీజుకిస్తే పంచాయతీకి ఆదాయం వస్తుందని, దాంతో పేటకే సిమెంటు రోడ్డు వేయిస్తామని చెప్పుకొచ్చారు.

"అది ఖాళీగా లేదండి. నిండిపోయి ఉంది" అన్నాను.

"అబ్బే, సమాధుల జోలికి ఎవరెళ్తారమ్మా. వాటి చుట్టూ గట్టు వేయిస్తాం."

"ఉప్పునీళ్లు గట్టు చూసి ఆగిపోతాయాండి?" అంది మా అమ్మ కుర్చీలోంచే.

ఆయన ముఖం మాడిపోయింది. "సరే, మాటలెందుకు. ఇష్టం లేనివాళ్లు చేతులెత్తండి."

మా చేతులే లేచాయి. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ప్రెసిడెంటు గారు సెక్రటరీ గారి వైపు తిరిగి ఇక రాసేసుకోమన్నట్టు తల ఊపారు. అప్పుడు నేను లేచాను. బడిలో పిల్లలు వెనక బెంచీల్లో మాట్లాడుకుంటుంటే వచ్చే గొంతు వచ్చింది నాకు.

"రాయకండి. ఈ సభే చెల్లదు. టముకు ఊరంతా వెయ్యలేదు. పేటలో ఒక్క సందులో కూడా వెయ్యలేదు. మేం మాత్రం ఈ ఊరి ఓటర్లం కాదాండి?"

సెక్రటరీ గారు కుర్చీలో ఇబ్బందిగా కదిలారు. ఆయన కొత్తగా వచ్చిన మనిషి, భయస్తుడు. "రూలయితే అన్నిచోట్లా వేయించాలనే ఉందండి" అన్నారు నెమ్మదిగా.

"వేసేవాడుండేదే పేటలో కదయ్యా" అన్నారు ప్రెసిడెంటు గారు. "వాడికి తెలిస్తే పేటకి తెలిసినట్టే. తాతల నాటి నుంచీ ఇలాగే జరుగుతోంది. కొత్తగా ఏంటిది?"

"మొన్న ఓట్లప్పుడు మైకు కట్టిన రిక్షా మా పేటలో సందు సందుకీ తిరిగిందండి. దానికి వంతెన అడ్డం రాలేదు. టముకుకే వచ్చిందాండి?"

ఎవరూ నవ్వలేదు ఈసారి. ప్రెసిడెంటు గారు నన్ను వదిలేసి స్తంభం వైపు తిరిగారు.

"ఒరేయ్ గంగయ్యా. పేటలో వాళ్లకి చెప్పావు కదా. టముకు వెయ్యకపోతే పోయె, నోటితోనైనా చెప్పే ఉంటావు. చెప్పానని చెప్పరా."

బాబాయ్ ఒక్క అవునంటే చాలు, సెక్రటరీ గారు రాసేస్తారు, మా నాన్న మీద నీళ్లు నిలుస్తాయి. పైగా రెండు రోజుల కిందట నేను ఆ మనిషిని నానా మాటలూ అని వచ్చాను. గంగయ్య బాబాయ్ ఎవరి వైపూ చూడలేదు. కుర్చీలో కూర్చున్న మా అమ్మ వైపు మాత్రం చూశాడు. పంచాయతీ ఆఫీసులో పేట మనిషి కుర్చీలో కూర్చోవడం ఆయన కూడా అదే మొదటిసారి చూడటం.

"చెప్పలేదండి" అన్నాడు.

"ఏంట్రా?"

"చెబితే మా వాళ్లు ఊరుకోరని చెప్పలేదండి. నాదే తప్పండి. టముకైతే వంతెన దాకే వేశానండి."

సెక్రటరీ గారు పెన్నుకి మూత పెట్టేశారు. "మళ్లీ పెట్టక తప్పదండి. రేపెవరైనా పైకి అర్జీ పెడితే నాకు ఇబ్బంది" అన్నారు.

"ఆదివారం సాయంత్రం పెట్టండి. కోతలుండవు" అన్నాను.

"ఆదివారం మీకు మట్టల పండగ కదమ్మా."

"అందుకే ఎవరూ పనికి పోరండి."

ప్రెసిడెంటు గారు పళ్లు బిగబట్టి ఒప్పుకున్నారు. పంచాయతీ ఎలక్షన్లు తొందర్లోనే ఉన్నాయి, పేటలో ఓట్లెన్నో ఆయనకి మాకంటే బాగా తెలుసు. లేచి వెళ్తూ గంగయ్య బాబాయ్‌తో, "నీ సంగతి తర్వాత చూస్తాను" అన్నారు, అందరికీ వినబడేలాగే.

ఆ సాయంత్రం కోతల నుంచి జనం ఇళ్లకి చేరే వేళకి గంగయ్య బాబాయ్ మళ్లీ టముకు వేసుకుంటూ వచ్చాడు. వంతెన దగ్గరికి రాగానే చేతులు వాటంతటవే ఆగిపోయాయి. అలవాటు అలాంటిది. సువార్త ఆయన వెనకే ఉంది.

"వెయ్యి నాన్నా" అంది.

వేశాడు. పేటలో జనం అన్నాలు వదిలేసి వీధుల్లోకి పరిగెత్తుకొచ్చారు. మా పేటలో డప్పు మోగిందంటే ఎవరో పోయారనే అర్థం. "ఎవరు? ఎవరు పోయారు?" అని ఒకళ్లనొకళ్లు అడుక్కోవడమే. ఎవరూ పోలేదు, గ్రామసభంట అని చెప్పడానికి సువార్త గొంతు పోయింది. లోవమ్మ అత్త గుండె పట్టుకుని అరుగు మీద కూలబడి, "నా ప్రాణం పోయినంత పనైంది కదరా గంగా. మీ సభ తగలెయ్య. ఎన్నింటికి?" అంది.

మట్టల పండగంటే ఈస్టరుకి ముందు ఆదివారమే. ఆ పొద్దున్న చర్చిలో ఆరాధన అయింది. సాయంత్రం కొబ్బరి మట్టలు పట్టుకుని పాటలు పాడుతూ పేటంతా ఊరేగింపు. ప్రతి ఏడూ ఆ ఊరేగింపు వంతెన దగ్గర వెనక్కి తిరుగుతుంది. ఆ ఏడు తిరగలేదు. పాట ఆపకుండా వంతెన దాటి పంచాయతీ ఆఫీసు ముందు ఆగింది. మగాళ్లు, ఆడవాళ్లు, ఉతికిన బట్టలేసుకున్న ముసలాళ్లు, ఆరుబయట నేల కనబడకుండా నిండిపోయారు. వసారా మీద వాళ్లు కుర్చీలు వెనక్కి జరుపుకున్నారు. మా ఏడో తరగతి మొత్తం ఆఫీసు ప్రహరీ గోడెక్కి కూర్చుంది. దిగమని నేనెవర్నీ అనలేదు. వాళ్లకింతకంటే మంచి పాఠం నేనెప్పుడు చెప్పగలను?

సెక్రటరీ గారు విషయం చదివారు. "లీజు వద్దనేవాళ్లు చేతులెత్తండి" అన్నారు.

మట్టలు లేచాయి.

"చేతులెత్తమంటే మట్టలెత్తుతారేంటి?" అన్నారు ప్రెసిడెంటు గారు విసుగ్గా.

"వాటి కింద చేతులున్నాయండి, చూసుకోండి" అన్నాను.

వెనక, ఊరి వాళ్లు నిలబడ్డ వైపు కూడా ఒక చెయ్యి లేచింది. మధులత వాళ్లమ్మ. వాళ్లాయన గుడ్లురిమి చూస్తే, "సమాధుల మీద పెంచిన రొయ్యల్ని ఎవరు తింటారండి?" అంది ఆయనతోనే. ఆ మాటకి ఇంకా కొన్ని చేతులు లేచాయి.

అప్పుడు ప్రెసిడెంటు గారి కళ్లు స్తంభం దగ్గరికి వెళ్లాయి. టముకు మెడలో వేసుకుని, పుల్లలు రెండు చేతుల్లో పట్టుకుని గంగయ్య బాబాయ్ నిలబడి ఉన్నాడు. కుడి చెయ్యి పుల్లతో సహా పైకెత్తి ఉంది.

"నీకెందుకురా? నువ్వు పంచాయతీ మనిషివి."

"నాకూ ఓటుందండి" అన్నాడు బాబాయ్. చెయ్యి దించలేదు.

లెక్కపెట్టే పని కూడా లేకపోయింది. గ్రామసభ ఒప్పుకోలేదు కాబట్టి లీజు ఇవ్వడం లేదని సెక్రటరీ గారు రాసి, పైకి చదివి వినిపించారు. మా వాళ్లు ఒక్క అరుపు అరిచి మళ్లీ పాట అందుకున్నారు. నాకు ఏడుపొచ్చింది. కోపం తప్ప ఇంకోటి రాదనుకున్నాను నాకు.

తిరిగొచ్చేటప్పుడు బాబాయ్ పక్కన నడిచాను. అన్న మాటలకి క్షమించమని అడగాలనుంది, నోరు రాలేదు.

"పని తీసేస్తారేమో బాబాయ్" అన్నాను.

"తీసెయ్యనీ. టముకు నాదే" అన్నాడు.

వంతెన మీదికి రాగానే టముకు ముందుకి జరుపుకుని వెయ్యడం మొదలుపెట్టాడు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ పంపలేదు. పేట వీధులన్నీ తిరిగి, చర్చి దాటి, సమాధుల తోటలోకి వెళ్లాడు. జనమంతా వెనకే వెళ్లాం. మా అమ్మ అప్పటికే అక్కడుంది. సభ అవగానే, ఊరేగింపుతో నడవలేక ముందే వచ్చేసి, సున్నం బక్కెట్టు పక్కన పెట్టుకుని నాన్న సమాధికి సున్నం వేస్తోంది.

బాబాయ్ సమాధుల మధ్య నిలబడ్డాడు. ఆయన తండ్రి సమాధి కాళ్ల దగ్గరే ఉంది.

"ఇందుమూలంగా ఇక్కడున్న యావన్మందికి తెలియజేయడమేమనగా" అని అందుకున్నాడు. "చర్చి వెనకాల స్థలంలో రొయ్యల చెరువు తవ్వరహో. గ్రామసభ వద్దన్నదహో. మీ చోటు మీదేనహో."

అమ్మ కుంచె పక్కన పెట్టి, తన కోసం ఉంచుకున్న జాగాలో కూర్చుని వింది. బాబాయ్ ఆ మాట మూడు వైపులకీ తిరిగి చెప్పాడు. ఈసారి ప్రతి ముక్కా తను కూడా వింటూనే అరిచాడు. గొంతు బాగానే వచ్చింది.